సొరబుర్ర పక్కన ఎవరు నిలబడాలి?

ఒకానొక రాజ్యం ఉండేది. నెమలిగిరి అని పేరు పెట్టుకుందాం. మీకు వేరే పేరు నచ్చితే అదే పెట్టుకోండి, కథ ఏమీ అనుకోదు.

ఆ రాజ్యాన్ని ప్రచండ భూపాలుడనే మహారాజు ఏలేవాడు. మంచివాడే. ఆకలన్నవాడికి అన్నం పెట్టించేవాడు, తగువులతో వచ్చినవాళ్ళ మాట వినేవాడు. కాకపోతే, తనంతటి విలుకాడు భూమ్మీద పుట్టలేదని ఆయనకు గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి ఒకే ఒక్క అడ్డంకి ఉంది. బాణం వదిలే క్షణంలో మహారాజు రెండు కళ్ళూ గట్టిగా మూసుకునేవాడు.

ఈ సంగతి రాజ్యంలో అందరికీ తెలుసు, మహారాజుకు తప్ప. కళ్ళు మూసుకున్నవాడికి తాను కళ్ళు మూసుకోవడం ఎలా కనిపిస్తుంది చెప్పండి?

కోటలో విలువిద్య చెప్పే పెద్దమనిషి కోదండాచార్యులు. బొద్దుగా, నున్నగా, ఎప్పుడూ చందనం వాసన వేస్తూ ఉండేవాడు. మహారాజు కళ్ళు మూసుకుని బాణం వదలగానే ఆయన "తగిలింది!" అని పొలికేక పెట్టేవాడు. వెంటనే కొమ్ముబూర మోగేది. గురి వెనక గడ్డివామి చాటున నక్కిన మనిషొకడు చటుక్కున లేచి, అచ్చం అలాంటి బాణాన్నే గురి నట్టనడుమ గుచ్చి మళ్ళీ నక్కేవాడు. మహారాజు కళ్ళు తెరిచేసరికి అంతా సిద్ధం. అసలు బాణం తర్వాతెప్పుడో వంటశాల కప్పు మీదో, తీగ మీద ఆరేసిన పంచెలోనో దొరికేది.

"ఈసారి కొంచెం కుడికి పడిందేమో ఆచార్యా?" అనేవాడు మహారాజు వినయంగా.

"కుడికా! ప్రభువుల బాణం కోసమే గురి పుట్టింది. అది ఎక్కడికి పోతుంది?" అనేవాడు ఆచార్యులు.

అంతకుముందున్న గురువు పాపం ఒకనాడు "ప్రభూ, కళ్ళు..." అని మొదలుపెట్టాడు. మాట పూర్తయ్యేలోగా ఆయన్ని ఏనుగుల కొట్టానికి మార్చేశారు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడట. ఏనుగులతో హాయిగానే ఉందట. కానీ ఆ తర్వాత కొలువులో ఎవరూ కళ్ళ మాట ఎత్తలేదు.

ఇలా ఉండగా, ఆ కోటకు కాస్త దూరంలో అమ్ములమిట్ట అని ఒక ఎత్తైన మైదానం ఉండేది. అక్కడ ఆడవాళ్ళే ఉంటారు, అందరూ విలుకత్తెలే. ఊళ్ళో వాళ్ళను మిట్ట అక్కలంటారు. పొలాల మీదికి అడవిపందులు దిగినా, సరిహద్దులో దొంగలు పడినా ముందు కబురు వెళ్ళేది మిట్ట మీదికే.

వాళ్ళ పద్ధతులు వాళ్ళవి. కొత్తగా చేరిన పిల్లకు బాణం ఇవ్వరు. చాగమొక్కల మట్టలు నానబెట్టి, దంచి, నార తీసి, వింటికి అల్లెత్రాడు పేనమంటారు. తను పేనిన తాడు తన చేతిలోనే పుటుక్కున తెగితే, మళ్ళీ మట్టలు నానబెట్టుకోవాల్సిందే. తర్వాత వట్టి విల్లు లాగి పట్టుకోమంటారు. పట్టుకుని ఉండగా పెద్ద అక్క ఒకామె వేపరెమ్మ నీళ్ళలో ముంచి ముఖం మీద ఫట్టున చిలకరిస్తుంది. రెప్ప పడిందా, మళ్ళీ మొదటికే. రెప్ప వాలకుండా ఉండేదాకా ఆ పిల్ల ముఖం ఆరదు.

బాణం చేతికొచ్చాక ఇంకో నియమం. ఎవరు వేసిన బాణం వాళ్ళే నడిచి వెళ్ళి తెచ్చుకోవాలి. ముళ్ళలో పడినా, బురదలో పడినా, పక్కూరి ఎద్దుల కొట్టంలో పడినా సరే.

ఆఖరున తోడునిలుపు. ఒక పొడుగాటి కర్ర నేలలో పాతి, దానికి ఎండిన సొరబుర్ర వేలాడదీస్తారు. శిష్యురాలు దూరం నుంచి దాన్ని కొట్టాలి. ఆ కర్రను చేత్తో పట్టుకుని పక్కనే నిలబడేది ఆమెకు విద్య నేర్పిన గురువు! అందుకే అమ్ములమిట్టలో ఏ గురువూ తొందరపడి "నీకు విద్య వచ్చేసిందమ్మా" అనదు. అనే ముందు తన ముక్కూ చెవులూ ఒకసారి తడిమి చూసుకుంటుంది. బుర్ర పగిలితే శిష్యురాలి ముంజేతికి తోలుపట్టా కడతారు. ఆ పట్టా చూస్తే చాలు, బండి తోలేవాడు కూడా దిగి దారిస్తాడు.

వచ్చిన చిక్కంతా ఆ దారివ్వడంతోనే.

ఒకనాడు మహారాజు ఊరేగింపు బజారులో పోతోంది. భటులు "దండం పెట్టండి! దండం పెట్టండి!" అని అరుస్తుంటే జనం దండాలు పెడుతున్నారు. అంతలో ఎదురుగా ఇద్దరు మిట్ట అక్కలు ఉప్పుమూట మోసుకుంటూ వచ్చారు. ఎవరూ అరవలేదు. అయినా జనం గబగబా లేచి, పక్కకు జరిగి, నవ్వుతూ చేతులు జోడించారు. ఒక ముసలాయన అయితే వాళ్ళ మూట అందుకోబోయాడు.

పల్లకిలోంచి మహారాజు ఇది చూశాడు. ఆ పూట అన్నం సయించలేదు.

"ఏముంది ఆ పట్టాలో?" అన్నాడు కోదండాచార్యులతో.

"ఏముంది ప్రభూ, గురి తప్పనివాళ్ళకు కట్టే తోలుముక్క."

"అయితే అది మాకెప్పుడో కట్టాల్సింది!"

మర్నాడే మిట్టకు ఆజ్ఞ వెళ్ళింది. దసరా నాడు మహారాజు స్వయంగా వచ్చి తోడునిలుపులో పాల్గొంటారు. పట్టా సిద్ధం చేసుకోండి. కాదంటే మిట్ట ఖాళీ చేయండి, అక్కడ మామిడితోట వేయిస్తాం.

కొలువులో ఆ ఆజ్ఞ చదువుతుంటే ఒక్క మనిషికి మాత్రం కాళ్ళ కింద నేల జారినట్టయింది. ఆ మనిషి పేరు రేచమ. మహారాజుకు కబుర్లు చెప్పి నవ్వించడం ఆమె ఉద్యోగం. పాలు తాగే వయసులో తల్లి పోతే ముప్పవ్వ పెంచింది. ముప్పవ్వంటే అమ్ములమిట్టకు పెద్ద. రేచమను కూడా విలుకత్తెను చేయాలనే చూసింది. కానీ విల్లు లాగి పట్టుకున్నప్పుడల్లా ఈ పిల్లకు ఏదో ఒకటి గుర్తొచ్చి కిసుక్కున నవ్వేది. "ఒసే, నీ వల్ల బాణాలూ పాడు, నా కోపమూ పాడు. కొలువుకు పోయి నవ్వుకో, పో!" అని అవ్వే పంపించింది.

ఆ సాయంత్రం రేచమ పరుగున మిట్టకెళ్ళింది. ముప్పవ్వ చాప మీద కూర్చుని నార పేనుతోంది.

"అవ్వా, ఆజ్ఞ విన్నావా?"

"విన్నానే. కర్ర కొత్తది పాతించాను. పాతది చెదలు పట్టింది."

"కర్ర సంగతి కాదు అవ్వా! ఆ కర్ర పట్టుకుని నిలబడేది ఎవరు?"

"నేనే. ఇంకెవరు?"

"ఆయన కళ్ళు మూసుకుని వేస్తాడు!"

"తెలుసే. ఓసారి కోట గోడ పక్కనుంచి పోతుంటే ఆయన బాణం వచ్చి నా చెంగులో గుచ్చుకుంది. మంచి బాణం. ఇంకా వాడుతున్నా."

"నవ్వులాటగా ఉందా నీకు?"

"ఇన్నేళ్ళూ నువ్వు నవ్వావు, ఇప్పుడు నన్ను నవ్వనీ." అవ్వ చేతిలోని నార ఆగింది. "చూడవే. నేను వెనక్కి తగ్గితే ఈ పిల్లలంతా చెట్ల కింద పడతారు. నేను కాకపోతే వీళ్ళలో ఏ పిల్లో పోయి నిలబడుతుంది. అంతకంటే నేను నిలబడటం నయం కాదూ?"

రేచమకు ఏడుపొచ్చింది. ఏడిస్తే అవ్వ తిడుతుందని మింగేసింది. కాసేపు నారపోగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"అవ్వా, ఒక్క మాట చెప్పు. మన ఆచారం ఏమంటుంది? కర్ర పక్కన నిలబడాల్సింది పట్టా కట్టేవాళ్ళా, విద్య నేర్పినవాళ్ళా?"

"మన దగ్గర రెండూ ఒకరే కదే."

"ఒకరు కాకపోతే?"

అవ్వ ఆలోచించింది. "నేర్పినవాళ్ళే. ముమ్మాటికీ నేర్పినవాళ్ళే. ఎందుకే?"

"ఊరికే" అంది రేచమ. ముక్కు తుడుచుకుంది. మిట్ట దిగుతుంటే ఎందుకో కిసుక్కున నవ్వింది కూడా.

మర్నాడు ముందుగా కోదండాచార్యుల దగ్గరికి వెళ్ళింది. కాస్త న్యాయంగా ఆయనకొక అవకాశం ఇద్దామనుకుంది.

"స్వామీ, మీకు తెలియందేముంది. ఇక్కడంటే గడ్డివామి ఉంది, వెనకాల మనిషి ఉన్నాడు. మిట్ట మీద అంతా బయలు. ప్రభువులకు మీరొక్క మాట చెప్పండి."

ఆచార్యులు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నాకు ఏనుగులంటే భయం తల్లీ."

"మరి మా అవ్వ?"

"ఆ, ఏమవుతుందిలే. ఒకవేళ ఏదైనా అయితే ముసలావిడ కదిలిందని చెప్పేస్తే సరి."

"అవునవును, అలా చెప్పేస్తే సరి" అంది రేచమ తియ్యగా, నమస్కారం పెట్టి బయటికొచ్చింది. ఇంక ఆమెకు జాలి మిగల్లేదు. సరే, కొద్దిగా మిగిలింది. ఆమె స్వభావం అది.

కొలువు నిండుగా ఉన్న వేళ చూసి లేచి నిలబడింది.

"ప్రభూ, ఒక సందేహం."

"నీకు సందేహం వస్తే మాకు తలనొప్పి వస్తుంది. అడుగు."

"పట్టా కట్టే రోజున మిట్ట మీద ముందుగా గురుపూజ చేస్తారు. విద్య నేర్పిన గురువుకు పట్టుబట్టలు పెట్టి, మెడలో బంతిపూల దండ వేసి, ఊరందరి ముందూ కాళ్ళకు పసుపు నీళ్ళు పోస్తారు. ఏలినవారికి విలువిద్య నేర్పిన మహానుభావుడెవరో చెబితే, ఆ పేరున దండ కట్టిస్తారట."

ఇందులో ఒక్క అబద్ధం లేదు. రేచమ అబద్ధమాడదు. నిజం సగం చెప్పి మిగతా సగం కొంగున కట్టుకుంటుంది, అంతే.

మహారాజు మీసం దువ్వాడు. "మంచి ఆచారం! ఎవరయ్యా మా గురువు?"

కోదండాచార్యులు అప్పటికే లేచేశాడు. "అదేం ప్రశ్న ప్రభూ! విల్లు పట్టడం మొదలు బాణం వదలడం దాకా అంతా ఈ దీనుడి చలవే కదా."

"ఆగండాగండి" అన్నాడు సేనాపతి. "కాళ్ళు ఎలా నిలపాలో చూపింది నేను. నిలబడటం రాకుండా బాణం ఎక్కడిది?"

మంత్రిగారు గొంతు సవరించుకున్నారు. "అసలు ప్రభువుల చేతికి సరిపోయే విల్లు ఎంచి ఇచ్చింది నేను. పునాది అక్కడుంది."

"నేను" "కాదు నేను" అని కొలువంతా సంతలాగా అయింది. మహారాజు మురిసిపోయాడు. ఇంతమంది గురువులు ఏ రాజుకున్నారు?

"కొట్లాడకండి. మీ ముగ్గురూ మా గురువులే. ముగ్గురికీ దండలు కట్టించండి. ఈ సంగతి ఊరంతా దండోరా వేయించండి!"

రేచమ వంగి దండం పెట్టింది. ఎంత వంగిందంటే, ముఖం ఎవరికీ కనబడలేదు.

దసరా వచ్చింది. జమ్మిరెమ్మలు, విల్లుల పూజ, మిట్ట నిండా జనం. మహారాజు పల్లకి దిగి, మైదానం ఈ చివర విల్లుతో నిలబడ్డాడు. ఆ చివర కొత్త కర్ర, దానికి సొరబుర్ర. మంత్రీ సేనాపతీ ఆచార్యులూ బంతిపూల దండలతో, పసుపు కాళ్ళతో, పెళ్ళికొడుకుల్లా కూర్చున్నారు. కోదండాచార్యులు తన కొమ్ముబూరవాడిని కూడా వెంట తెచ్చుకున్నాడు.

ముప్పవ్వ ఉతికిన నేతచీర కట్టుకుని, తన దగ్గర పెరిగిన పిల్లలందరి తలలూ ఒకసారి నిమిరి, కర్ర వైపు నడిచింది. అక్కలంతా పక్కకు జరిగి దారిచ్చారు. ఒక చిన్నపిల్ల మాత్రం అవ్వ కొంగు పట్టుకుని వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది.

"అవ్వా, ఆగు!" అంది రేచమ. "ఎక్కడికి పోతున్నావు?"

"కర్ర దగ్గరికే."

"నువ్వెందుకు? మహారాజుకు నువ్వేం నేర్పావు? దండ నీ మెడలో ఉందా?"

అవ్వ ఆగిపోయింది. రేచమ మహారాజు వైపు తిరిగింది.

"ఏలినవారు మన్నించాలి. ఈ మిట్ట ఆచారం ప్రకారం కర్ర పట్టుకుని నిలబడాల్సింది విద్య నేర్పిన గురువు. దండోరా విన్న ఊరందరికీ ఆ గురువులెవరో తెలుసు. స్వామీ, మంత్రిగారూ, సేనాపతిగారూ... దయచేయండి. కర్ర పొడుగ్గానే ఉంది, ముగ్గురూ పట్టుకోవచ్చు."

జనంలో ఒక గాలి వీచినట్టయింది. ముగ్గురు గురువుల ముఖాలూ, కాళ్ళకున్న పసుపూ ఒకే రంగులోకి వచ్చాయి.

"ఓహో, ఇది ఇంకా బాగుంది!" అన్నాడు మహారాజు. "సేనాపతీ, పద."

సేనాపతి లేవలేదు. "ప్రభూ, నేను నిలబడే తీరు మాత్రమే చూపాను. అదీ ఒక్క కాలికే. రెండో కాలు తమరే పెట్టుకున్నారు."

"మంత్రీ?"

"నేను విల్లు ఎంచి ఇచ్చానంతే ప్రభూ. అలా చూస్తే విల్లు చెక్కిన వడ్రంగి పెద్ద గురువు. అతన్ని పిలిపిద్దామా?"

"ఆచార్యా?"

"నడుం పట్టేసింది ప్రభూ!"

"నడుం పట్టేస్తే మరీ మంచిది స్వామీ. కదిలే భయం ఉండదు" అంది రేచమ.

ఆచార్యులు ఆమె వైపు చూశాడు. తాను చెప్పిన మాట తనకు గుర్తొచ్చింది. మెడలోని దండ చేత్తో పట్టుకుని, ఒక్కసారి తెలివి తెచ్చుకున్నాడు. "ప్రభూ! నిజం చెప్పాలంటే తమకు గురువులే లేరు. తమంతట తామే నేర్చుకున్నారు. పుట్టు విలుకాండ్రు!"

"అలాగా!" రేచమ చప్పట్లు కొట్టింది. "అయితే ప్రభువులకు ప్రభువులే గురువు. కాబట్టి కర్ర పక్కన ప్రభువులే నిలబడాలి. బాణం మాత్రం ఇంకెవరైనా వేయాలి. విలువిద్యకు పెద్దదిక్కు ఆచార్యులవారే కదా. స్వామీ, విల్లు అందుకోండి!"

మహారాజు ఏదో ఊపులో విల్లు అందించేశాడు. ఆచార్యుల చేతిలో అది గాలిలో కొబ్బరాకులాగా ఊగింది. మహారాజు ఆ విల్లునూ, దూరంగా వేలాడే సొరబుర్రనూ మార్చి మార్చి చూశాడు.

"ఆచార్యా, నీ చేతులెందుకలా వణుకుతున్నాయి?"

"నాకు... నాకు బాణం వేయడం రాదు ప్రభూ. చెప్పడం ఒక్కటే వచ్చు."

"అందుకే మేం నిలబడం" అన్నాడు మహారాజు వెంటనే. అంటూ ఆగిపోయాడు. ఆయన ముఖంలో ఏదో మారింది. "మాకు వేయడం వచ్చు కదా. మా బాణం తప్పదని రోజూ చెబుతావు కదా. మరి నువ్వెందుకు నిలబడవు?"

సేనాపతి తన ఒక్క కాలి వైపు చూసుకున్నాడు. ఎక్కడో పసిపిల్ల ఏడ్చి ఊరుకుంది.

"రేచమా, నువ్వు చెప్పు."

"నన్నడగడమెందుకు ప్రభూ? విల్లుంది, గురి ఉంది. కర్ర దగ్గర ఎవరూ వద్దు. ఒక్క బాణం వేయండి. కాకపోతే ఇక్కడ బూర మోగదు. బాణం తమరే నడిచి తెచ్చుకోవాలి. అందరం అలాగే తెచ్చుకుంటాం."

మహారాజు విల్లు అందుకున్నాడు. లాగాడు. కళ్ళు మూశాడు. వదిలాడు.

"తగిలింది" అన్నవాడు లేడు. బూరవాడు అలవాటుగా బూర నోటి దాకా తెచ్చి, నాలిక కరుచుకున్నాడు. మహారాజు మెల్లగా కళ్ళు తెరిచాడు. దూరాన సొరబుర్ర నిక్షేపంగా ఊగుతోంది.

ఆయన నడిచాడు. పుట్టి బుద్ధెరిగాక గురి దాకా నడవడం అదే మొదటిసారి. బుర్రను తిప్పి చూశాడు, గీత కూడా లేదు. కర్ర చూశాడు. నేల చూశాడు. వెనక పొదలో వెతికాడు, పట్టుపంచెకు ముళ్ళు గుచ్చుకున్నాయి. జనమంతా ఆయన వెంటే, చప్పుడు చేయకుండా, వెతుకుతున్నారు. బాణం లేదు.

చివరికి మైదానం పక్కనుంచి పల్లకి మోసే బోయీ ఒకడు సంకోచంగా కేక వేశాడు. "ప్రభూ... ఒకసారి ఇటు రావాలి."

బాణం పల్లకిలో ఉంది. మహారాజు తల పెట్టుకునే దిండులో, సరిగ్గా నడుమ, నిటారుగా. చుట్టూ దూది పొంగింది. బోయీలు అదృష్టం కొద్దీ దూరంగా కూర్చుని మజ్జిగ తాగుతున్నారు.

మహారాజు ఆ దిండును చాలాసేపు చూశాడు. ఆయన మొండివాడు కాని మూర్ఖుడు కాడు. గడ్డివామి, బూర, "తగిలింది" అన్న కేక, పాత గురువు నోట ఆగిపోయిన మాట, అన్నీ ఒక్కొక్కటిగా వచ్చి ఆయన కళ్ళ ముందు నిలబడ్డాయి. ఈసారి కళ్ళు తెరిచే ఉన్నాయి మరి.

ముప్పవ్వ వైపు తిరిగాడు.

"అవ్వా, మేం ఇలా వేస్తామని నీకు తెలుసా?"

"తెలుసు నాయనా."

"తెలిసీ నిలబడబోయావా?"

"పిల్లలకు గూడు కావాలి కదా నాయనా."

మహారాజు తల దించుకున్నాడు. ఆ దించిన తల మళ్ళీ ఎలా లేస్తుందోనని జనమంతా ఆయన వైపే చూశారు. సిగ్గుపడ్డ రాజు కోపం తెచ్చుకోవడానికి ఎంతసేపు? కోదండాచార్యులకైతే అప్పటికే ఏనుగుల వాసన వస్తోంది.

అప్పుడు రేచమ అంది. "ప్రభూ, ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోవాలి. బాణం పడిన చోటు చూస్తుంటే, ఈ మైదానం మొత్తంలో అందరికంటే క్షేమంగా ఉండేది కర్ర పక్కన నిలబడ్డవాళ్ళే!"

ముందు ముప్పవ్వ ముక్కులోంచి బుస్సుమని ఒక చప్పుడొచ్చింది. మహారాజు భుజాలు కదిలాయి. కోపమనుకున్నారు. కాదు, నవ్వు! దిండు పట్టుకుని, దూది గాల్లోకి ఎగిరేలా, కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వాడు. అది చూసి బోయీలు నవ్వారు, మంత్రి నవ్వాడు, సేనాపతి రెండు కాళ్ళ మీదా నిలబడి నవ్వాడు. అవ్వ కొంగు పట్టుకున్న చిన్నపిల్ల ఎందుకో తెలియకుండానే అందరికంటే గట్టిగా నవ్వింది. అక్కలు మాత్రం నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశారు. గుండెల మీద బండ దిగితే అలాగే అవుతుంది.

"మరి అవ్వకు ప్రమాదమే లేకపోతే ఇంత గొడవ ఎందుకు చేశావే?" అన్నాడు మహారాజు కళ్ళు తుడుచుకుంటూ.

"ఈ బాణం దిండులోకి పోయింది ప్రభూ. ఇంకో బాణం ఎటు పోతుందో తమకు తెలుసా, నాకు తెలుసా?"

"నిజమే, నిజమే." మహారాజు అవ్వకు చేతులు జోడించాడు. "అవ్వా, మామిడితోట మాట మరిచిపో. ఇకమీదట ఏ రాజూ ఈ మిట్ట వైపు కన్నెత్తి చూడకుండా శాసనం వేయిస్తాం."

"కన్నెత్తి చూసే రాజులతో భయం లేదు ప్రభూ" అంది రేచమ. "మూసుకునేవాళ్ళతోనే."

మళ్ళీ నవ్వులు. కోదండాచార్యులు మెల్లగా వెనక్కి జరుగుతుంటే మహారాజు చెయ్యెత్తాడు.

"ఆగవయ్యా. ఏనుగుల కొట్టానికి పంపుతామనుకుంటున్నావా? ఆ పాత గురువుగారిని రేపే సగౌరవంగా వెనక్కి పిలిపిస్తున్నాం. ఏనుగుల దగ్గరికి నీలాంటివాళ్ళను పంపి వాటినెందుకు బాధపెట్టాలి? నువ్వూ నేనూ ఇక్కడే చేరుతున్నాం. అవ్వా, చేర్చుకుంటావా?"

"ఆడపిల్లల చోటు కదా నాయనా" అంది అవ్వ. అక్కల వైపు చూసింది. అక్కలు ఒకరినొకరు చూసుకుని ముసిముసిగా తలూపారు. "సరే. వచ్చే దసరా దాకా ఆ కంచె అవతల కూర్చుని నేర్చుకోండి. ముందు మట్టలు నానబెట్టండి. నార బాగా పేనినవాడికే విల్లు."

ఆచార్యులు బంతిపూల దండ తీసి మట్టల కుండ పక్కన పెట్టి కూర్చున్నాడు. ఏళ్ళ తరబడి మోసిన అబద్ధం దిగిందేమో, ఆయన ముఖం కూడా తేటగానే ఉంది. కాసేపటికి "తల్లీ, మీ అవ్వ గురించి నేనా మాట అనకుండా ఉండాల్సింది" అన్నాడు రేచమతో.

"ఏ మాట స్వామీ?" అంది రేచమ. అవ్వకు చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

మహారాజు మెడలోంచి ముత్యాల హారం తీశాడు. "రేచమా, ఇది తీసుకో. ఇది కాక నీకింకేం కావాలో కోరుకో. ఊరా? మేడా?"

"హారం అవ్వ పిల్లలకిచ్చేయండి. తలా ఒక ముత్యం ముక్కుకు పెట్టుకుంటారు. నాకు ఒక ఉద్యోగం కావాలి ప్రభూ."

"ఉన్న ఉద్యోగం చాలదా? ఏమిటది?"

రేచమ వేపచెట్టు నుంచి ఒక రెమ్మ విరిచింది. మంచి గుబురుగా ఉన్నదే చూసుకుని విరిచింది. నీళ్ళ కుండ పక్కన పెట్టుకుంది.

"విల్లు లాగినప్పుడు కొత్తగా చేరినవాళ్ళ ముఖం మీద నీళ్ళు చిలకరించే ఉద్యోగం."

రాజు ముఖం మీద నీళ్ళు కొట్టడమంటే మాటలా! మహారాజు కనుబొమలు పైకి లేచాయి. తర్వాత మీసాలు కదిలాయి.

"ఇచ్చాం!" అన్నాడు. అని, అక్కడే, అప్పుడే, అందరి ముందూ వట్టి విల్లు అందుకుని గుండెల దాకా లాగాడు. గడ్డం పైకెత్తాడు. ఊపిరి బిగబట్టాడు. రెండు కళ్ళూ గట్టిగా, చాలా గట్టిగా, మూసుకున్నాడు.

కాసేపు గడిచింది.

"అయిందా?" అన్నాడు అలాగే ఉండి.

"లేదు ప్రభూ" అంది రేచమ. "నేనింకా రెమ్మ ముంచనేలేదు."